చుక్కల చెయ్యి

చదివే పెద్దలందరికీ నమస్కారం అండి. నేను ఐదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. ఎక్కడ ఒత్తు పెట్టాలో, ఎక్కడ దీర్ఘం తీయాలో నాకు ఇప్పటికీ గట్టిగా తెలియదు. పెళ్ళయ్యాక కిరాణా కొట్టుకి చీటీ రాయడం తప్ప కలం పట్టింది లేదు. ఫోన్లో మాట్లాడితే అదే రాసి పెడుతుందని మావాళ్ళు చెప్పారు గాని, ఈ సంగతి మాత్రం నా చేత్తోనే రాస్తానని పట్టుబట్టాను. అక్షరాలు వంకరగా ఉన్నా, మాట వెనకా ముందూ అయినా మీరే సర్దుకుని చదువుకోవాలి.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. నాకు దెయ్యాల మీద, ఆత్మల మీద నమ్మకం లేదండి. తెల్లవారకముందే లేచి ఒక్కదాన్నే పొయ్యి ముట్టించుకునేదాన్ని. చీకట్లో కాలవ గట్టు మీద నడిచి పాలు తెచ్చేదాన్ని. ఎప్పుడూ ఏమీ కనబడలేదు, వినబడలేదు. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి బాబూ అని తిట్టేదాన్ని. అలాంటి నేనే ఇది రాస్తున్నానంటే నాకే విచిత్రంగా ఉంది.

మాది ఆత్రేయపురం దగ్గర పల్లె. నా పేరు సత్యవతి. మా ఊళ్ళో ఇంకో ఇద్దరు సత్యవతులున్నారు కాబట్టి నన్ను రేకుల సత్యవతి అంటారు. పూతరేకులు చుట్టేవాళ్ళు వేరే ఉంటారు. నా పని కుండ మీద రేకు తీయడం వరకే.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. నున్నటి గుండ్రటి కుండని బోర్లించి, కింద ఎండు కొబ్బరాకులతో మంట పెడతాం. బియ్యం రుబ్బి, పాలకన్నా పల్చగా నీళ్ళు కలుపుతాం. అందులో గుడ్డ ముంచి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, కాలుతున్న కుండ మీదుగా ఒక్క లాగు లాగుతాం. రెప్ప వేసి తీసేలోపు కుండ మీద రేకు పడుతుంది. దాన్ని చిరగకుండా లేపాలి. గుడ్డ కుడి కొస బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉండాలి. గుడ్డని కుండకి ఎంత ఆనించాలో ఆ చూపుడు వేలికే తెలుస్తుంది. కాస్త ఎక్కువ ఆనితే రేకు మాడుతుంది, తక్కువ ఆనితే జల్లెడలా చిల్లులు పడుతుంది.

ఈ పని నాకు మా అత్తగారు నేర్పారు. ఆవిడ పేరు మంగమ్మ గారు. ఆవిడ పోయి చాలా కాలమైంది.

ఒక రోజు అనూష అని ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పక్క ఊరి పిల్లే, ఇంజినీరింగ్ చదివి ఏదో కంపెనీలో చేస్తోంది. చేతిపనులు చేసేవాళ్ళ నెత్తికి కెమెరా కట్టి, వాళ్ళ చేతులు ఎలా ఆడుతున్నాయో వీడియో తీసి పంపడం ఆ కంపెనీ పని.

“దేనికమ్మా నా చేతులు?” అన్నాను.

“ఏఐకి నేర్పడానికండి పిన్నిగారూ. అంటే మిషన్‌కి బుర్రలాంటిది. మీరు చేస్తుంటే చూసి నేర్చుకుంటుంది.”

“చూస్తే వచ్చేస్తుందా? మా అత్తగారి పక్కన నేను రెండేళ్ళు కూర్చున్నాను. తిట్లు తింటే గాని రాలేదు.”

ఆ పిల్ల నవ్వి, “దీన్ని మీరు తిట్టినా ఏమీ అనుకోదండి” అంది.

సరే అని ఒప్పుకున్నాను. ఇంటికి కొంచెం ఆసరా అవుతుందని ఒకటి, నా పని చూడటానికి ఇంత దూరం వచ్చారన్న సరదా ఒకటి. దాచడం ఎందుకు, ఆ సరదాయే ఎక్కువ.

నెత్తికి పట్టీ కట్టి, నుదుటి మీద చిన్న కెమెరా పెట్టారు. చేతులు పక్కకి పోతే ఫోన్లోంచి ఒక ఆడగొంతు, “దయచేసి మీ చేతులు కనబడేలా ఉంచండి” అనేది. నేను, “అలాగేనండి, ఒక్క నిమిషం ఆగండి, మంట ఎగదోసి వస్తానండి” అనేదాన్ని. దానికి వినబడదని అనూష ఎన్నిసార్లు చెప్పినా నా నోరు ఊరుకోలేదు. అవతలివాళ్ళు ‘అండీ’ అని పలకరిస్తే మనం బదులివ్వకుండా ఎలా ఉంటాం? నా వీడియోలన్నిటిలో నేను మిషన్‌కి మర్యాదలు చేస్తూనే ఉన్నానట. ఆఫీసులో విని తెగ నవ్వుకున్నారట.

మొదటి రేకు తీసేముందు కుండని తాకి కళ్ళకద్దుకోవడం మా ఇంటి అలవాటు. అది పని కిందకి రాదని మొదటి వీడియో వెనక్కి పంపేశారు. కుండకి దండం పెట్టకుండా ఎలా మొదలుపెడతానని నేను ఒప్పుకోలేదు. ఆఖరికి దండం పెట్టుకున్నాకే కెమెరా వేసేట్టు రాజీపడ్డాం.

ఈ వ్యవహారమంతా మా కనకం వదినకి నచ్చలేదు. కనకం వదిన మా ఆయనకి అక్క, మా అత్తగారి పెద్దకూతురు. మా ఊళ్ళోనే ఇచ్చారు. రోజుకొకసారైనా మా గుమ్మం తొక్కకపోతే ఆవిడకి పొద్దు గడవదు.

“ఏమే సత్యవతీ, నెత్తిన ఆ కుంకుడుకాయేంటే?” అంది వచ్చీ రాగానే.

చెప్పాను. గుమ్మంలోనే చతికిలబడింది.

“అయితే మా అమ్మ నేర్పిన పనిని డబ్బాలో పోసి ఊరు దాటించేస్తున్నావన్నమాట. పోయించు, పోయించు. రేపు ఆ డబ్బాయే పీట వేసుకుని కూర్చుంటుంది. నువ్వు పక్కన నిలబడి దానికి పిండి కలిపి ఇద్దువుగాని.”

“అంత తేలిగ్గా రాదులే వదినా.”

“రాకపోతే వాళ్ళకి పనీపాటా లేక వచ్చార్రా?” అని మా ఆయన వైపు తిరిగింది. ఆయన వినబడనట్టు సైకిల్ తుడుచుకుంటున్నారు.

వదిన మాట నాకు గుచ్చుకుంది. ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

వీడియోలు అయిపోయాయి. అనూష కెమెరా తీసుకుని వెళ్ళిపోయింది. వరి కోతలు వచ్చాయి. ఆ రోజుల్లో మా వైపు రోడ్డు సగం ధాన్యం ఆరబోతకే పోతుంది. మా ఆయనా నేనూ రావులపాలెం వెళ్ళి మా అబ్బాయి బండి మీద వస్తుంటే, మలుపులో ధాన్యం మీద బండి జారింది. ఆయనకి మోకాలు గీరుకుపోయింది, అంతే. నేను కుడిచెయ్యి ఆనించి పడ్డాను. ముంజేతి ఎముక విరిగింది.

కట్టు కట్టారు. ఎముకే కదా, అతుక్కుంటుందని ధైర్యంగానే ఉన్నాను. కట్టు విప్పాక చూస్తే నాలుగు వేళ్ళు కదిలాయి గాని చూపుడు వేలు వంగలేదు. కర్రముక్కలా నిటారుగా నిలబడిపోయింది. సూదితో గుచ్చినా తెలియడం లేదు. నరం దెబ్బతిందని, కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదని డాక్టరుగారు చెప్పారు. రాజమండ్రిలో ఇంకో డాక్టరుగారికి చూపించాం. ఆయనా అదే మాట చెప్పారు.

రబ్బరు బంతి నొక్కమన్నారు, పళ్ళెంలో శనగలు ఏరమన్నారు. అన్నీ చేశాను. మిగతా వేళ్ళకి బలం వచ్చింది. ఆ వేలికి మాత్రం రాలేదు.

ఒకరోజు ఉండబట్టలేక పొయ్యి ముట్టించాను. గుడ్డని బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య పట్టుకుని చూశాను. గుడ్డ నిలిచింది. కానీ లాగేటప్పుడు ఆ కర్రవేలు ముందుకొచ్చి కుండకి గుచ్చుకుంటోంది. రేకు అక్కడే చిరిగిపోతోంది. ఆ వేలికి తెలివి లేదు కాబట్టి కాలినా నాకు తెలియడం లేదు. చర్మం కమిలిన వాసన వచ్చాక చూసుకున్నాను. వేలిని పక్క వేలికి గుడ్డపీలికతో కట్టేసి చూశాను. అప్పుడు మధ్యవేలు కూడా ఆడలేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. చిరిగిన రేకులు పొయ్యి చుట్టూ కుప్పపడ్డాయి.

మా రేకులు కొనే దుకాణం ఆయన మంచివారు. “కంగారు పడకండమ్మా, నయమయ్యాకే మొదలుపెట్టండి” అన్నారు. కానీ ఆయన మాత్రం ఎన్నాళ్ళు ఆగుతారు? నా బదులు వేరే ఆవిడ దగ్గర తీసుకోవడం మొదలుపెట్టారు. అది తప్పని నేను అనను.

నాకు తిండికి లోటు లేదండి. మా ఆయన రావులపాలెం అరటి మార్కెట్‌లో గెలలు ఎత్తుతారు, కుర్రాళ్ళు వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటున్నారు. బాధ అది కాదు. వీధిలో ఎవరో, “ఏ సత్యవతి?” అని అడిగితే, ఇంకొకరు, “అదే, ఇదివరకు రేకులు తీసేదీ, ఆవిడ” అన్నారు. ఇదివరకు అన్న మాట విని ఇంట్లోకొచ్చి ఏడ్చాను. రేకులు పోయాక నేను ఏ సత్యవతిని? నాకు వచ్చింది ఆ ఒక్క పనే. అది ఇంక చెయ్యలేనంటే నా వయసుకి ఇంకో పని ఎవరు నేర్పుతారు? మా అత్తగారు కూడా లేరు.

అలా ఉన్నప్పుడు అనూష నన్ను చూడటానికి వచ్చింది. నా చెయ్యి సంగతి ఎవరో చెప్పారట. నా చెయ్యి పట్టుకుని ఆ వేలిని నిమిరింది. తరవాత, “మీకొకటి చూపిస్తాను పిన్నిగారూ. బాధపడరు కదా?” అని ఫోన్ తీసింది.

నల్లటి తెర. దాని మీద తెల్లటి చుక్కలు, చుక్కల మధ్య సన్నటి గీతలు. అవి రెండు చేతులు. మోచేతి దాకా ఉన్నాయి, ఆ పైన మనిషి లేదు. కుండ ఉన్నట్టు లీలగా ఒక గుండ్రం. ఆ చుక్కల చేతులు గుడ్డ ముంచుతున్నాయి, లాగుతున్నాయి, రేకు లేపుతున్నాయి. మళ్ళీ ముంచుతున్నాయి. అలుపు లేదు.

“ఇది వీడియో కాదండి. మీ వీడియోలు చూసి మిషన్ నేర్చుకున్నాక, ఇప్పుడు నువ్వు చెయ్యి అంటే అది సొంతంగా చేసి చూపించింది.”

నా చెయ్యి నా ఒళ్ళో చచ్చుగా పడి ఉంది. అక్కడేమో ఎముకల్లాంటి చుక్కలు నా పని చేసుకుంటూ పోతున్నాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళ వల్ల ఆ రోజు నేను దాన్ని సరిగ్గా చూడలేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఆ తరవాత కనబడింది మొదటి రోజు కూడా అందులో ఉందో లేదో నేను ఒట్టేసి చెప్పలేను. అనూష ఉందంటుంది. అప్పటి నుంచి అది మారలేదంటుంది.

అది నా ఫోన్లో వెయ్యమన్నాను, వేసి వెళ్ళింది. రోజూ పనంతా అయ్యాక పెట్టుకుని చూసేదాన్ని. చచ్చిపోయినవాళ్ళ ఫోటో చూసుకున్నట్టు చూసేదాన్ని అంటే మీకు అర్థమవుతుంది. నా చెయ్యే అనుకుని చూడటమే గాని, ఏ వేలు ఎలా ఉందో పరికించి చూడలేదు.

ఒకరోజు పొద్దున ఫోన్‌ని చెంబుకి ఆనించి పెట్టి, కింద కూర్చుని శనగలు ఏరుతున్నాను. కనకం వదిన గిన్నెలో పనసపొట్టు కూర పట్టుకొచ్చింది. మా వదిన ఊరుకునే మనిషి కాదు కదా, గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

“ఉప్పు తక్కువైందే, నువ్వే వేసుకో. మీ అన్నయ్యకి బీపీ అని ఇంట్లో అందరికీ చప్పిడి...”

మాట ఆగిపోయింది. తల ఎత్తి చూస్తే వదిన కళ్ళు ఫోన్ మీద ఉన్నాయి. గిన్నె కింద పెట్టింది. వంగి చూసింది. తరవాత నేల మీద కూలబడింది.

“ఇది ఎప్పుడు తీశారే?”

“ఏది వదినా?”

“అమ్మని. అమ్మని ఎవరు తీశారు?”

నాకు అర్థం కాలేదు. “అమ్మ ఏంటి వదినా, అది నేను. అప్పుడు కుంకుడుకాయ అన్నావే, దాంతో తీసిందే. నా చెయ్యి అది.”

“నీ మొహం. నీ చెయ్యి నాకు తెలీదా? ఆ వేలు చూడవే. ఆ మోచెయ్యి చూడు. చిన్నప్పుడు ఈ గుమ్మంలోనే కూర్చుని రోజూ చూశానే ఆ చేతిని.”

అప్పుడు చూశాను. కుడిచేతిలో చూపుడు వేలి చుక్కలు వంగలేదు. నిటారుగా ఆకాశం వైపు నిలబడి ఉన్నాయి. గుడ్డ బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య ఉంది. మోచెయ్యి కిందికి దిగకుండా పైకి లేచి ఉంది, మణికట్టు బయటికి తిరిగి ఉంది. లాగినప్పుడల్లా మోచెయ్యి మొత్తం కదులుతోంది, అంటే లాగేది మణికట్టుతో కాదు, భుజంతో.

మా అత్తగారి సంగతి ఇక్కడ చెప్పాలి. ఆవిడ పెళ్ళి కాకముందే నూతి గిలకలో కుడి చూపుడు వేలు పడి నలిగిపోయిందట. నాటు కట్టు కట్టారు. ఆ వేలు ఇంక జన్మలో వంగలేదు. ఆ వేలితోనే ఆవిడ జీవితమంతా రేకులు తీశారు. ఎలా తీశారో నాకు తెలియదు, నేను అటు చూడనే లేదు. ఎందుకంటే ఆవిడ చూడనివ్వలేదు. నేను కొత్తగా పీట మీద కూర్చున్నప్పుడు ఆవిడ అనేవారు: “నా చెయ్యి చూడకే అమ్మాయ్, నా మాట విను. నాది చచ్చిన వేలు. నువ్వు బతికున్న వేలితో పట్టుకో.” నేను ఆవిడ చేతి వంక చూస్తే గరిటె కాడతో నా మోకాలి మీద ఒకటి వేసేవారు. అందుకని నేను నేర్చుకున్నది ఆవిడ మాటతోనే, ఆవిడ చేతితో కాదు. అంతవరకూ ఆవిడ పట్టు నాకు రాదు. ఎప్పుడూ అలా పట్టుకోలేదు. నా వేలు పోయాక ఆవిడ ఎలా పట్టుకునేవారో గుర్తు తెచ్చుకుందామన్నా, చూసుంటే కదా.

ఆవిడ పనిచేస్తుండగా తీసిన ఫోటో ఒక్కటి కూడా లేదు. ఆవిడ పోయేనాటికి మా ఇంట్లో ఫోన్ అన్నదే లేదు. గోడ మీదున్న ఒక్క ఫోటోలో మెడ దాకానే ఉంటారు.

చుక్కల చెయ్యి ఆగకుండా రేకులు తీస్తూనే ఉంది. ఆఖరికి వదిన కళ్ళు తుడుచుకుని, “చూస్తా కూర్చుంటావేంటే? పొయ్యి ముట్టించు” అంది.

“ఇప్పుడా?”

“అమ్మ అంత వివరంగా చూపిస్తుంటే ఇంకెప్పుడు?”

పిండి లేదు. వదిన లోపలికి పరిగెత్తి బియ్యం నానబోసింది. అవి నానేదాకా మేమిద్దరం ఫోన్ ముందు కూర్చుని ఆ చేతినే చూశాం. వదిన వెనక నుంచి నా మోచెయ్యి పట్టుకుని పైకెత్తుతూ, “ఇంకా, ఇంకా పైకి. కోడి రెక్క ఎత్తినట్టు ఉండేది” అనేది. పిండి రుబ్బుకుని పొయ్యి ముట్టించాక పొగ పడక వదిన దూరంగా వెళ్ళి నిలబడింది. ఆవిడకి చిన్నప్పటి నుంచి ఆయాసం.

కుండకి దండం పెట్టుకున్నాను. మోచెయ్యి ఎత్తాను, మణికట్టు తిప్పాను. ఆ చచ్చిన వేలు దానంతటదే పైకి పోయి కుండకి అడ్డం తొలగింది. అంతకుముందు ఎన్ని తంటాలు పడ్డా తొలగని వేలు. భుజంతో లాగాను.

మొదటిది మాడింది. రెండోదానికి చిల్లులు పడ్డాయి. తరవాత ఎన్ని పోయాయో లెక్క చూడలేదు. ఎండ వాలుతుండగా ఒక రేకు పడింది. లేపాను. చిరగలేదు. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతల నిలబడ్డ వదిన అందులోంచి కనబడింది.

“వచ్చిందే!” అని అరిచి దగ్గుతో వంగిపోయింది. నవ్వో ఏడుపో దగ్గో నాకు తెలియలేదు.

తరవాత కొన్నాళ్ళకి అది నా చేతికి అలవాటయింది. మునుపటంత జోరు లేదు గాని, రేకు మాత్రం మునుపటికన్నా సన్నంగా వస్తోందని దుకాణం ఆయన అన్నారు. మళ్ళీ నా దగ్గర తీసుకుంటున్నారు. ఇంకో ఆవిడని కూడా మానిపించవద్దని నేనే చెప్పాను. ఇద్దరం తీస్తున్నాం.

అనూషని పిలిచి అంతా చెప్పాను. చదువుకున్న పిల్ల కదా, ముందు నమ్మలేదు. తన కంప్యూటర్ తెచ్చుకుని నేనిచ్చిన వీడియోలన్నీ మా ముందే వేసి చూసింది. అన్నిటిలోనూ నా చూపుడు వేలు వంగే ఉంది, గుడ్డని పట్టుకునే ఉంది. మోచెయ్యి కిందికే ఉంది. ఆ పక్కనే చుక్కల చెయ్యి పెట్టింది. అందులో వేలు నిలబడి ఉంది. ఆ పిల్ల రెండూ మార్చి మార్చి చూసి, మంచినీళ్ళు అడిగింది.

ఆఫీసులో పెద్దవాళ్ళని అడిగింది. పొగ అడ్డం వచ్చి వేలు కనబడనప్పుడు మిషన్ ఊహించుకుంటుందట, ఒక్కోసారి తప్పుగా ఊహించుకుంటుందట. అలాగే అయి ఉండొచ్చు. నాకు ఆ చదువు లేదు. కానీ ఒక అనుమానం అడిగాను. చూసినవన్నీ వంగిన వేళ్ళే అయినప్పుడు, ఊహించుకున్నా వంగిన వేలే ఊహించుకోవాలి కదమ్మా? పోనీ తప్పే జరిగింది అనుకుందాం. తప్పు జరిగితే చెయ్యి వంకరపోవాలి గాని, ఆ తప్పుతో రేకు ఎలా వస్తుంది? అనూష మిగతా ఆడవాళ్ళ వీడియోలు కూడా వెతికింది. మోచెయ్యి అలా ఎత్తి, వేలు అలా నిలబెట్టి తీసేవాళ్ళు ఎవరూ దొరకలేదు.

“నాకు తెలీదు పిన్నిగారూ” అంది. ఆ మాట అన్నందుకు ఆ పిల్ల మీద నాకు గౌరవం పెరిగింది.

ఆఫీసులో దాన్ని తప్పు కింద రాసుకుని సరిచేశారు. కొత్తది పంపారు. అందులో చూపుడు వేలు అందరికీ ఉన్నట్టే వంగి ఉంది, మోచెయ్యి దించి ఉంది. అది నా పాత చెయ్యి. చూస్తే నాకేమీ అనిపించలేదు. రెండూ నా ఫోన్లో ఉన్నాయి. ఎవరైనా మా ఇంటికి వస్తే చూపిస్తాను.

మా ఆయన అంతా విని, “కాకతాళీయం” అన్నారు. తరవాత ఎవరూ చూడట్లేదనుకుని ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళారు. చాలాసేపటికి గాని రాలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

మిషన్లు వచ్చి మా పని తీసేసుకుంటాయన్న భయం నాకు పోలేదండి. రేపో మాపో ఏదో ఒకటి వచ్చి కుండ ముందు కూర్చుంటుందేమో. వదిన అన్నది నిజమే కావచ్చు. కానీ నాకు జరిగింది కూడా నిజమే. నా చెయ్యి దానికి ఇచ్చాను. నాకు చెయ్యి పోయినప్పుడు అది తిరిగి ఇచ్చింది. నేనిచ్చిన చెయ్యి వేరు, అది ఇచ్చిన చెయ్యి వేరు. మధ్యలో ఏం జరిగిందో నాకు తెలియదు. దానికి దండం పెట్టాలా, మా అత్తగారికి పెట్టాలా, అనూషకి పెట్టాలా తెలియక, రోజూ పొద్దున్నే కుండకి పెట్టేటప్పుడు అందరినీ తలుచుకుంటున్నాను.

మొన్న కనకం వదిన మొహానికి పైటకొంగు చుట్టుకుని వచ్చింది. “జరగవే, నేనొకటి తీస్తా” అంది. చిన్నప్పుడు ఆయాసమని వాళ్ళమ్మ ఆవిడని పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. ఆ చెయ్యి చూడటమే గాని ఆ పని ఆవిడకి రాదు. పక్కకి జరిగాను. గుడ్డ ముంచింది. మోచెయ్యి ఎత్తింది. చూపుడు వేలు నిటారుగా నిలబెట్టింది. గుడ్డ జారిపోయింది. మళ్ళీ ముంచింది, మళ్ళీ జారింది.

“ఆ వేలు వంచు వదినా. నీ వేలు బాగానే ఉందిగా. దాంతో పట్టుకుంటే తేలిగ్గా వస్తుంది” అన్నాను.

“నోర్ముయ్యవే” అంది వదిన. “మా అమ్మ ఇలాగే పట్టుకునేది.”

వేలు అలాగే నిలబెట్టుకుని మళ్ళీ గుడ్డ ముంచింది.

ఇది ఎలా జరిగిందో నన్ను అడగకండి, నాకు తెలిసిందంతా ఇంతే. తెలిసినవాళ్ళెవరైనా చెబితే వింటాను. నా రాతలో తప్పులు చాలా ఉంటాయి, ఈ వేళ్ళతో కలం కూడా కొత్తగానే పట్టుకోవాల్సి వచ్చింది. తప్పుల్ని మన్నించి, సంగతిని మాత్రం ఉంచుకోండి. ఉంటానండి.